చిన్నరైలుకి ఎన్ని చక్రాలు

పక్కింటి కోడలు గుమ్మం ముందు గొంతుక్కూచుని లక్ష్మీ పాదాలు అంటిస్తోంది. వెయ్యడం కాదు, అంటించడమే. తెల్లటి ప్లాస్టిక్ స్టిక్కర్లు. వెనక కాగితం ఊడబీకడం, కుడికాలొకటి, ఎడమకాలొకటి నేలకి అద్దడం. వీధి గుమ్మం దగ్గర మొదలుపెట్టి దేవుడి గది దాకా వచ్చేసింది. 2023 మార్గశిరం, మొదటి గురువారం. ఇంకా సరిగ్గా తెల్లవారలేదు కూడా.

"మావుసీ, బాగున్నాయా?" అంది తలెత్తి. ఒడియా వాళ్ళమ్మాయి. నాతో తెలుగే మాట్లాడుతుంది, పిలుపు మాత్రం మావుసి, అంటే పిన్ని. ఆంధ్రా సరిహద్దుని ఆనుకుని ఒడిశా వైపున్న మా పర్లాకిమిడిలో అందరి నాలుకలూ అంతే, ఒక వాక్యంలో రెండు భాషలు దొర్లుతాయి.

బాగున్నాయనే అన్నాను. లోపలికొచ్చి మా ఆయన మీద విసుక్కున్నాను. "గడప దగ్గర రెండూ ఎడమకాళ్ళే అంటించింది. ఒంటికాలి మీద గెంతుకుంటూ వస్తుందా లక్ష్మీదేవి?"

"నీకు కళ్ళు బాగయ్యాక మాకు కష్టమైపోయింది" అన్నారాయన, పేపర్లోంచి తల తియ్యకుండానే.

ఆ మాటా నిజమే. ఆ ఏడాది అక్టోబరులోనే కుడికంటికి శుక్లం ఆపరేషన్ అయింది. రిటైరైన ఏడాదికి. అంతకుముందు నాలుగైదేళ్ళుగా లోకమంతా పల్చటి టీ డికాక్షన్లోంచి చూస్తున్నట్టే ఉండేది. కానీ అలా ఉందని నాకు తెలీదు. అందరికీ అలాగే ఉంటుందనుకున్నాను. కట్టు విప్పి ఇంటికొచ్చాక మొదట కనబడింది వంటింటి గోడ. నీలం! ఆ గోడకి నీలం సున్నం వేయించింది మేమే, డబ్బులిచ్చిందీ నేనే. అయినా ఎప్పటినుంచో అది వెలిసిన ఆకుపచ్చ అనే అనుకుంటూ వంట చేస్తున్నాను. ఓ కన్ను మూసి ఓ కన్ను తెరిచి చూసుకున్నాను. ఎడంకంటికి పాత గోడ, కుడికంటికి కొత్త గోడ. రోజంతా అదే ఆట. మా ఆయనకి భయం వేసి డాక్టరుకి ఫోన్ చేశారు. వయసుతో పాటు కంటిలో లెన్సు పసుపు తిరుగుతుందనీ, నీలాన్ని లోపలికి సరిగ్గా రానివ్వదనీ, దాన్ని తీసి కొత్తది పెట్టాక కొన్నాళ్ళు ఇలాగే వింతగా ఉంటుందనీ ఆయన చెప్పారు. మా అబ్బాయి ఇంకో అడుగు ముందుకేసి, ఫ్రాన్సులో మోనే అనే చిత్రకారుడికి కూడా 1923లో ఇదే ఆపరేషన్ అయిందమ్మా, ఆయనక్కూడా రంగులు మారిపోయాయట అని చెప్పాడు. ఆయన చిత్రకారుడు, నేను పోస్టాఫీసు గుమస్తాని, మమ్మల్నిద్దర్నీ ఓ చోట కూచోబెట్టింది ఆ శుక్లం, పాపం.

అసలు సంగతి స్టిక్కర్లు. ఆ రోజంతా అవి గుచ్చుకుంటూనే ఉన్నాయి. రెండో బుధవారం రాత్రి గుప్పెడు పచ్చిబియ్యం నానబోశాను. ఎందుకని ఆయన అడిగితే అట్లకి అన్నాను. గుప్పెడు బియ్యంతో అట్లేమిటని ఆయనా అడగలేదు.

*

నా చిన్నప్పుడు మా ఇంట్లో నేలకి రెండు బళ్ళు ఉండేవి. అమ్మ బడి వీధిలో, మావుసి బడి గుమ్మంలో.

అమ్మది చుక్కల ముగ్గు. పొడి పిండి. కళ్ళాపి చల్లిన తడి ఆరకముందే బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పిండి జారవిడుస్తూ టకటకా చుక్కలు పెట్టేసేది. "13 చుక్కలు, 7 వచ్చేదాకా సందు చుక్క" అని నాకు చెప్పేది. మధ్య వరసలో 13, దానికి కిందా పైనా 12, ఆపైన 11, అలా రెండువైపులా 7 దాకా. మొత్తం 127 చుక్కలు. ఈ లెక్క నేను తరవాత పోస్టాఫీసులో కూచుని కట్టాను, అమ్మకి లెక్క అక్కర్లేదు. ఆవిడ చుక్క పెడుతూ పాలవాడితో బేరమాడేది, నన్ను తిట్టేది, ఎదురింటి సంగతులు వినేది. ఒక్క చుక్క పక్కకి పోయేది కాదు. నేను పెడితే మూడో వరసకే వంకర. "ఏటే గుంటా, చుక్కలు పెడతన్నావా, కోళ్ళకి నూకలు జల్లుతున్నావా?" అనేది.

మావుసి మా ఇంట్లో వెనక వాటాలో అద్దెకుండే ఒడియా ఆవిడ. ఆవిడది ఝోటి. తడి పిండి. బియ్యం నానబెట్టి, సన్నికల్లు మీద వెన్నలా నూరి, నీళ్ళు కలిపి పల్చగా చేసేది. పిఠవు అనేది దాన్ని. చిన్న గుడ్డముక్క అందులో ముంచి అరచేతిలో పట్టుకుని మెల్లగా పిండుతుంటే ఉంగరం వేలి మీదుగా తెల్లటి ధార దిగేది. వేసినప్పుడు ఏమీ కనబడదు. మట్టినేల మీద తడిమరక, అంతే. ఆరుతున్నకొద్దీ తెలుపు పైకి తేలుతుంది. చిన్నప్పుడు నాకు అంతకంటే పెద్ద గారడీ తెలీదు. మావుసి వేసేసి వెళ్ళిపోయాక కూడా నేను అక్కడే కూచుని ఆ పద్మం నేలలోంచి లేచి రావడం చూసేదాన్ని.

మార్గశిరంలో గురువారాలు ఒడియా వాళ్ళకి మాణబసా. మాణ అంటే కొలత గిన్నె, మన కుంచం లాంటిది. కొత్త ధాన్యం దాన్నిండా పోసి లక్ష్మి అని పూజ చేస్తారు. ఆ రోజు గోడల మీద వరికంకులు వేసేది మావుసి. గడ్డిపరకలు కట్టగా కట్టి, చివర్లు పిండిలో ముంచి, గోడకేసి తట్టేది. తట్టినచోటల్లా గింజలు రాలినట్టు చుక్కలు. అమ్మ లెక్కపెట్టి పెట్టేవి ఆ చుక్కలు, మావుసి విసిరేసేవి ఈ చుక్కలు. పూజ అయ్యాక బలరామదాసు రాసిన లక్ష్మీ పురాణం చదివేది. అందులో లక్ష్మీదేవి ఊరంతా తిరిగి, పెద్దపెద్ద ఇళ్ళన్నీ వదిలేసి, ఊరవతల శ్రియ అనే చండాల స్త్రీ ఇంటికి వెళ్తుంది, ఆవిడ ఇల్లు అలికి శుభ్రంగా ముగ్గు పెట్టుకుందని. అందుకు అన్నగారి మాట విని జగన్నాథుడు భార్యని గుళ్ళోకి రానివ్వడు. ఆ తరవాత అన్నదమ్ములిద్దరూ పన్నెండేళ్ళు అన్నం పుట్టక అడుక్కుంటారు. ఆ ఘట్టం వచ్చేసరికి మావుసి గొంతులో సంతోషం దాచుకోలేకపోయేది.

నేనొకసారి ధార తెగిపోయి ఏడుపు మొహం పెడితే, "నువ్వు ఆలోచించకు, హాత జాణే" అంది. చేతికి తెలుసు అని.

*

కాగితం దగ్గరే నాకు చెడింది.

నాన్న చిన్నరైల్లో గార్డు. చిన్నరైలంటే మా ప్రాంతం వాళ్ళకి చెప్పక్కర్లేదు. నౌపడా నుంచి పర్లాకిమిడికి మా రాజావారు 1900లో వేయించిన రైలు. పట్టాల మధ్య రెండున్నర అడుగులే. 1931కల్లా గుణుపురం దాకా వెళ్ళింది. టెక్కలి, పెద్దసాన, టెంబూరు, పాతపట్నం, ఆ తరవాత మా ఊరు, ఆపైన కాశీనగరం. పాతపట్నం అటు శ్రీకాకుళం జిల్లా, మా ఊరు ఇటు ఒడిశా. మధ్యలో రైలు ఈల వేసేంత దూరం కూడా ఉండదు. మా తాత పుట్టింది మద్రాసు ప్రెసిడెన్సీలో. 1936 ఏప్రిల్ 1న ఇంట్లోంచి కాలు బయటపెట్టకుండానే ఒడిశా వాడైపోయాడు. మా ఇంట్లో పాత జోకు అది.

నాన్న డ్యూటీ నుంచి వస్తూ జేబులో ఇంజను బొగ్గు ముక్కలు తెచ్చేవాడు, నేను గీసుకుంటానని. నిజం చెప్పాలంటే రాతిబొగ్గు గీయడానికి పనికిరాదు. గరగరా గోకినట్టు బూడిదరంగు గీత పడుతుంది, అంతే. వంటింట్లో కట్టెబొగ్గే మెత్తగా పడేది. కానీ నాన్న తెచ్చింది అది. అందుకని నాన్న చూస్తుండగా రాతిబొగ్గు, నాన్న వెళ్ళాక కట్టెబొగ్గు. పెరట్లో గచ్చు మీద రోజూ చిన్నరైలు వేసేదాన్ని, వాన వచ్చి కడిగేసేది, మళ్ళీ వేసేదాన్ని.

ఎనిమిదో క్లాసులో డ్రాయింగు పరీక్షకి చూసిన దృశ్యం ఏదైనా వెయ్యమన్నారు. నేను చిన్నరైలు వేశాను, ఇంకేం వేస్తాను? ఇంజను, నాలుగు పెట్టెలు, చివర గార్డు పెట్టె. పెట్టెల్లో మనుషులు, వాళ్ళ బుట్టలు, బుట్టల్లో పనసపళ్ళు, చింతపండు. గార్డు పెట్టెలో నాన్న, నాన్న పక్కన ఎర్రజెండా, పచ్చజెండా, క్యారేజీ, క్యారేజీలో అన్నం. చక్రాలు ఇటువైపువీ వేశాను, అటువైపువీ వేశాను. అటువైపువి వెయ్యకపోతే రైలు పడిపోతుంది కదా.

మాస్టారు ఎర్రసిరాతో అటువైపు చక్రాల మీద ఇంటూ కొట్టారు. క్యారేజీలో అన్నం మీద ఇంకో ఇంటూ. "కనబడేదే వెయ్యాలి. పెట్టె గోడలోంచి అన్నం నీకెలా కనబడిందే?" అన్నారు. క్లాసంతా నవ్వింది. ఆయన చెడ్డవాడేం కాదు, ఆ సిలబస్సులో అది తప్పే. పెద్దయ్యాక నాకూ తెలిసింది. కానీ నేల మీద వేసింది రాత్రికి చెరిగిపోతుంది, మర్నాడు నేనే దిద్దుకుంటాను. కాగితం మీద పడిన ఇంటూ అలాగే ఉండిపోయింది. ఆ కాగితం ఇంటికి తేలేదు. దార్లో మహేంద్రతనయలో వదిలేశాను. నాన్న అడిగితే బడిలోనే ఉంచుకున్నారని చెప్పాను. "గోడకి అంటిస్తారేమో!" అన్నాడు నాన్న.

*

తరవాత కథ అందరిదీ ఒకటే, గబగబా చెప్పేస్తాను. 1984లో గుణుపురంలో పోస్టాఫీసు ఉద్యోగం, రెండేళ్ళకి పెళ్ళి, పిల్లలు, క్వార్టర్లు, సిమెంటు వాకిలి. తరవాత టైల్స్. టైల్స్ మీద పొడి ముగ్గు నిలవదు, తడి ముగ్గు పట్టదు. సంక్రాంతికి రథం ముగ్గు ఒక్కటి వేసేదాన్ని, రంగులు కొని, మొక్కుబడిగా. కౌంటర్లో జనం పల్చబడినప్పుడు పాడైపోయిన మనియార్డరు ఫారాల వెనక చుక్కలు పెట్టేదాన్ని. చుక్కలే. కలిపేలోపు ఎవరో ఒకరు వచ్చేవారు. పార్సిళ్ళకి లక్క సీలు వేసేటప్పుడు మాత్రం కొంచెం సరదా తీరేది. ఎర్రగా కరిగిన లక్క బొట్టు జారుతుంటే చప్పున ముద్ర నొక్కాలి, క్షణం అటైనా ఇటైనా పాడవుతుంది. ముప్ఫై ఎనిమిదేళ్ళ సర్వీసులో నా చేతికి దొరికిన కళ అంటే అదే.

ఒక్కరోజు మాత్రం గబగబా దాటలేను. 1988 అనుకుంటాను, మా ఆఫీసులో టపా మోసే సవరాయన వాళ్ళ ఊళ్ళో ఏదో పండగ అని మా ఇద్దర్నీ పిలిచాడు. పుట్టసింగి దాటాక కొండ మీద. జీపు కొంత, నడక కొంత. కొండల్లో ఉండే ఈ సవర గిరిజనుల గురించి మా ఊరి వాళ్ళు చిన్నప్పటి నుంచీ వింటాం. గిడుగు రామమూర్తి పంతులుగారు మా పర్లాకిమిడిలో ఉండే కదా సవర నేర్చుకున్నది. 1931లో ఆ భాషకి వ్యాకరణం, 1938లో నిఘంటువు ఆయనవే. కానీ వినడం వేరు, వాళ్ళింట్లోకి వంగి అడుగుపెట్టడం వేరు.

లోపల చీకటి. కళ్ళు అలవాటుపడ్డాక ఎర్రమట్టి గోడ మీద తెల్లటి బొమ్మలు తేలాయి, మావుసి పద్మం లాగే, మెల్లమెల్లగా. బియ్యప్పిండే. వెదురు పుల్ల చివర నలగ్గొట్టి దాంతో వేస్తారట. ముందు చుట్టూ చట్రం గీస్తారు, అది ఇల్లు. ఆ ఇంట్లో మనుషులు, ఏనుగులు, గుర్రాలు, చెట్లు, సూర్యుడు, చంద్రుడు, దువ్వెనలు, గొడుగులు. ఓ మూల సైకిలు, ఓ మూల విమానం. నా కన్ను మాత్రం కింది అంచు దగ్గర ఆగిపోయింది. అక్కడో రైలు. పెట్టెల్లో మనుషులు కూచుని ఉన్నారు, గోడ అడ్డం లేకుండా. చక్రాలు ఇటూ ఉన్నాయి, అటూ ఉన్నాయి.

"ఇది ఇడితాల్ అమ్మా. అలంకారానికి వేసింది కాదు" అన్నాడాయన. పోయినవాళ్ళకో దేవుడికో అది ఇల్లు. ఇంట్లో ఎవరికైనా జబ్బు చేస్తే, కష్టమొస్తే, కుడాన్, అంటే వాళ్ళ పూజారి, కలలో కనుక్కుంటాడు, ఎవరికి ఏం కావాలో. వాళ్ళకి ఏం కావాలో అదే గోడ మీదికి వస్తుంది. "మా తాత రైలెక్కకుండానే పోయాడు" అన్నాడు. అంతకంటే వివరం చెప్పలేదు.

తిరిగొచ్చేటప్పుడు కొండ దిగుతూ మా ఆయనకి డ్రాయింగు పరీక్ష సంగతి చెప్పాను. పెళ్ళైన రెండేళ్ళకి మొదటిసారి. ఆయన బళ్ళో లెక్కల మాస్టారు. కాసేపు ఆలోచించి "పెట్టెకి ఎన్ని చక్రాలు వేశావు?" అన్నారు. అటు నాలుగు, ఇటు నాలుగు అన్నాను. "లెక్క సరిపోయిందిగా" అన్నారు. ఆ మాటకి మార్కులు వేసుకున్నాను గానీ, బొగ్గు మాత్రం పట్టుకోలేదు. ఎందుకంటే చెప్పలేను. తెల్లారితే కౌంటరు, పొద్దుగూకితే పిల్లలు.

ఇప్పుడు చీరల మీద, చేతిసంచుల మీద, హోటళ్ళ గోడల మీద సవర బొమ్మలు కనబడుతున్నాయి. అమ్ముకునే సవర కళాకారులకి నాలుగు డబ్బులొస్తే మంచిదే. నేను మాత్రం వాటిని చూసి వెయ్యను. అది వాళ్ళ తాతల ఇల్లు. నేను తీసుకున్నది అనుమతి ఒక్కటే, గోడ అడ్డం లేకుండా వెయ్యొచ్చని.

*

మళ్ళీ ఆ రెండో గురువారానికి వస్తాను. తెల్లవారుజామున లేచి నానిన బియ్యం మిక్సీలో వేశాను. మిక్సీది బరకగా వస్తుంది, ఎన్నిసార్లు తిప్పినా మావుసి సన్నికల్లు మెత్తదనం రాదు. పల్చటి గుడ్డలో వడకట్టాను. గుమ్మం ముందు టైల్స్, కాబట్టి పెరట్లో తులసికోట దగ్గర మిగిలిన కాస్త గచ్చు మీద పీట వేసుకుని కూచున్నాను. మోకాళ్ళు మొర పెట్టుకున్నాయి. గుడ్డ ముంచాను, పిండాను. ధార రాలేదు, బొట్లు రాలాయి. కోళ్ళకి నూకలే. రెండోసారి ధార వచ్చి తెగింది. మూడోసారి, చెయ్యి మణికట్టు దగ్గర తనంతట తను తిరిగింది. ఎడమనుంచి పైకి, పైనుంచి కుడికి, కింద ముడి. నేను దానికి చెప్పలేదు. యాభై ఏళ్ళుగా ఆ తిప్పు ఎక్కడ దాక్కుందో!

కూచుని ఆరేదాకా చూశాను. తెల్లగా తేలింది. వంకర ఉంది, రేకు ఒకటి లావు, ఒకటి సన్నం. పక్కింటి కోడలు గోడ మీంచి చూసి, "మావుసీ, నాక్కూడా నేర్పించు" అంది. మూడో గురువారానికి ఆ పిల్ల స్టిక్కర్లు పీకేయబోతే టైల్స్ మీద జిగురు మరకలు మిగిలాయి. కిరసనాయిలు కోసం ఇద్దరం ఊరంతా వెతికాం.

నేల బాగానే లొంగింది. కాగితం దగ్గరికొచ్చేసరికి మళ్ళీ పాత జబ్బే. మా అబ్బాయి విశాఖపట్నం నుంచి మంచి డ్రాయింగు పుస్తకం, రంగుల పెట్టె, బ్రష్షులు పంపాడు. ఆ కాగితం ఎంత తెల్లగా ఉందంటే, చెయ్యి పెట్టబుద్ధి కాలేదు. వారం రోజులు బీరువాలో, పట్టుచీరల పక్కన పెట్టాను. చివరికి దారి చూపించింది ఆ రంగుల పార్సిలు చుట్టిన ఖాకీ కాగితమే. ముప్ఫై ఎనిమిదేళ్ళు నా చేతుల్లో నలిగిన కాగితం, దాని దగ్గర నాకేం మొహమాటం? రంగు కూడా మట్టిగోడ రంగు. దాన్ని నేల మీద పరిచి, పీట మీద కూచుని పిఠవుతోనే వేశాను. తులసికోట, మావుసి చేతులు, అమ్మ 127 చుక్కలు. ఒక్కోటి అరగంట. బాగుందో లేదో చూసుకోలేదు, గచ్చు మీద వేసినట్టే వేసుకుంటూ పోయాను. ఆరాక మడిచి అటక మీద పెట్టాను.

నెల తరవాత తీసి చూస్తే మావుసికి చేతుల్లేవు. బొద్దింకలు తినేశాయి. బియ్యప్పిండి కదా! అమ్మ చుక్కలైతే నాలుగో వంతు కూడా మిగల్లేదు. మా ఆయన బాధపడతానేమోనని నా మొహంలోకి చూశారు. నాకు నవ్వు ఆగలేదు. వాన కడిగినట్టే, ఇక్కడ బొద్దింక కడిగింది.

కానీ నిలవాలన్న ఆశ కూడా పుట్టింది, అబద్ధమెందుకు. మా తాత ఆడే గంజప్ప పేక గుర్తొచ్చింది. గుండ్రటి ముక్కలు, రంగురంగుల బొమ్మలు, ఎన్నేళ్ళు ఆడినా నలిగేవి కావు. అవి గుడ్డతో చేస్తారు. పాత గుడ్డకి చింతగింజల జిగురూ సుద్దపొడీ పట్టించి, రెండు పొరలు అంటించి, ఆరాక రాయితో నునుపు చేస్తారు. మా చుట్టుపక్కల చింతపండుకి కరువేముంది! గింజలు మూడు రోజులు నానబెట్టాను, రుబ్బాను, నీళ్ళలో కాచాను. ఇల్లంతా ఒక మాదిరి వాసన. "ఇది కూడా అట్లకేనా?" అన్నారాయన. మొదటిసారి ఉండలు కట్టింది, రెండోసారి అడుగంటింది, మూడోసారి కుదిరింది. ఆయన పాత పంచె చింపి దానికి పట్టించాను. నునుపు చేసే పని ఆయనే తీసుకున్నారు. సాయంత్రం వరండాలో కూచుని నదిలో ఏరుకొచ్చిన గుండ్రాయితో రుద్దుతారు. లెక్కల మాస్టారు కదా, మూలలు కూడా వదలరు.

తెలుపుకి సుద్ద. ఎరుపు మట్టిది. నలుపు కొనలేదు, ఆముదం దీపం మీద ఇత్తడి పళ్ళెం బోర్లించి మసి పట్టాను, అమ్మ మాకు కాటుక పట్టినట్టే. నీలం మాత్రం మా అబ్బాయి పంపిన పెట్టెలోంచి తీసుకుంటాను. కొత్తకన్ను ఇచ్చిన రంగు, దానికి లోటు చెయ్యకూడదు.

*

ఈ చలికాలం మొదలుపెట్టింది చిన్నరైలు. మూరన్నర గుడ్డ. నాన్న 2001లో పోయాడు, చిన్నరైలు 2004లో ఆగిపోయింది. 2011లో పెద్ద పట్టాలతో మళ్ళీ వచ్చింది గానీ అది పెద్దరైలు, నాకు దాంతో పరిచయం తక్కువ. చట్రం ముందు గీశాను. ఇంజను, నాలుగు పెట్టెలు. చక్రాలు ఇటు, అటు. బుట్టలు, బుట్టల్లో పనసపళ్ళు. సవరాయన వాళ్ళ తాతని నాకు తెలిసిన మొహం లేకపోయినా కిటికీ పక్కన కూచోబెట్టాలనిపించింది. మళ్ళీ ఆగాను. ఆయనకి ఆయన రైలు ఉంది.

గార్డు పెట్టె దగ్గర చెయ్యి ఆగిపోయింది. నాన్న వచ్చాడు, జెండాలు వచ్చాయి, క్యారేజీ వచ్చింది. క్యారేజీలో ఏముండేదో గుర్తు రాలేదు. అన్నం సరే, ఇంకేమిటి? తమ్ముడికి ఫోన్ చేశాను.

"ఎన్ని గిన్నెల క్యారేజీరా అది?"

"మూడు."

"నాలుగు."

"మూడేనే అక్కా. కింద అన్నం, మధ్యలో దాల్మా, పైన ఊరగాయ."

"గురువారాలే దాల్మా. మిగతా రోజులు ఎండుచేపల పులుసు."

"ఎండుచేపలు అమ్మ క్యారేజీలో పెట్టేది కాదు, పెట్టెంతా వాసనొస్తుందని నాన్నే వద్దనేవాడు."

పావుగంట దెబ్బలాడుకున్నాం. వాడు పెట్టేశాడు. సరే, మధ్య గిన్నె గోడ తీసేసి సగం దాల్మా వేశాను, సగం పులుసు వేశాను. మూడు గిన్నెలూ నిండాయి. నాలుగోది ఖాళీగా ఉండిపోయింది. ఉండేదని నాకు తెలుసు, ఏముండేదో తెలీదు.

రాత్రి పదకొండింటికి వాడే ఫోన్ చేశాడు. హలో కూడా లేదు. "నాలుగే అక్కా. నాలుగోది పొద్దున్న ఖాళీదే వెళ్ళేది. నౌపడా నుంచి వచ్చేటప్పుడు అందులో మనకి జీడిపప్పు తెచ్చేవాడు. పలాస సరుకు. గుళ్ళు కాదు, ముక్కలు, చవగ్గా వచ్చేవి."

మర్నాడు పొద్దున్నే కూచుని నాలుగో గిన్నె నిండా తెల్లటి చుక్కలు పెట్టాను. మా ఆయన గుండ్రాయి పట్టుకుని వచ్చి, కళ్ళజోడు సర్దుకుని వంగి చూశారు.

"క్యారేజీలో ముగ్గేమిటి?"

"ముగ్గు కాదు, జీడిపప్పు" అన్నాను.